నోటి తడి ఆరిపోతే

తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో, నోటి వ్యాధులు చూసే ఒక దంతవైద్యురాలు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము. తడబాట్లు మాత్రం తీసివేసి, మాట్లాడిన తీరును అలాగే ఉంచాము.

పెద్దలందరికీ, అమ్మలకు నమస్కారం. విషయంలోకి వెళ్ళే ముందు మీ చేత ఒక చిన్న పని చేయిస్తాను. ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. బెంగళూరా మామిడికాయ, ఇంకా దోరకు కూడా రాని పచ్చి కాయ, పలుచని బద్దలుగా కోసి, ఉప్పూ కారం అద్ది మీ చేతిలో పెట్టారనుకోండి. ఒక బద్ద కొరికారు. పళ్ళు జివ్వుమన్నాయి. ఇక కళ్ళు తెరవండి. నోరూరిందా, లేదా? నవ్వుతున్నవారందరికీ ఊరినట్టే లెక్క. ఇక్కడ కాయ లేదు, కత్తి లేదు, ఉప్పు లేదు, ఉన్నది మాట ఒక్కటే. ఆ మాటకే మెదడు నుంచి నరాల వెంట కబురు వెళ్ళి, దవడల పక్కనున్న గ్రంథులు నీరు వదిలాయి. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కల లాలాజలాన్ని కొలుస్తూ కొలుస్తూ, తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే వాటికి నోరూరుతోందని గమనించాడు. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కుక్కలకు జరిగిందే ఇప్పుడు మనకూ జరిగింది, ఏమీ అనుకోకండి.

అయితే నవ్వనివారు కూడా కొందరు కనిపిస్తున్నారు. మామిడికాయ అన్నా, ఊరగాయ అన్నా నోట్లో ఏ కదలికా లేనివారు, రాత్రి రెండు గంటలకు లేచి నాలుక పిడచగట్టుకుపోయి చెంబు కోసం తడుముకునేవారు, చెనిక్కాయలు నాలుగు నోట్లో వేసుకుంటే మింగడానికి గ్లాసుడు నీళ్ళు కావలసినవారు. నేను ఇవాళ వచ్చింది ముఖ్యంగా మీ కోసమే.

మన దగ్గరికి వచ్చే రోగులు ఈ బాధను చెప్పే తీరు ఒకటే. ‘నోరు ఎండిపోతాంది డాక్టరమ్మా, వేడి చేసినట్టుంది’ అంటారు. లేదా ‘వయసైపోయింది కదమ్మా’ అంటారు. ఈ రెండు మాటల మధ్యనే రోగం రెండేళ్ళు, మూడేళ్ళు దాక్కుంటుంది. వేడి అనుకున్నవారు సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ తాగుతారు. తాగనివ్వండి, వాటితో నష్టమేమీ లేదు, ఈ ఊరి ఎండలకు మజ్జిగ మంచిదే. వయసు అనుకున్నవారు మాత్రం ఏమీ చేయరు. నేను చెప్పదలచినది ఒక్కటే. నెలల తరబడి నోరు ఎండుతూ ఉంటే దానికి వేడీ కారణం కాదు, వయసూ కారణం కాదు. దానికి ఒక పేరున్న కారణం ఉంటుంది, దాన్ని వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. అది దొరికేలోపల మన పళ్ళు పోకుండా కాపాడుకోవాలి.

వయసు కారణం కాదా అని ముందు వరుసలో ఒక పెద్దాయన నన్ను అనుమానంగా చూస్తున్నారు. వయసుతో ఆ గ్రంథులలో కొంత మార్పు వచ్చేమాట నిజమే. కానీ ఆరోగ్యంగా ఉండి, మందులేవీ వాడని డెబ్బై ఎనభై ఏళ్ళవారికి నోరు ఎండిపోయి తీరాలన్న నియమమేమీ లేదు. పెద్దవారికి నోరు ఎక్కువగా ఎండడానికి ప్రధాన కారణం వారు వేసుకునే మాత్రలు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు లాలాజలం గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మనకు దాని మీద గౌరవం తక్కువ. ఉమ్మి అంటాం, ఎంగిలి అంటాం, తుడిచేసుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు వరకు ఊరుతుంది. దాన్ని తయారు చేసే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవుల ముందు ఒక జత ఉంటుంది, గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది అదే. దవడ ఎముక కింద ఒక జత, నాలుక కింద ఒక జత ఉంటాయి. ఇవి కాక పెదవుల లోపల, బుగ్గల లోపల, అంగిలిలో వందల సంఖ్యలో చిన్న గ్రంథులు ఉన్నాయి. మనం ఏమీ తినకుండా కూర్చున్నప్పుడు నోటిని తడిగా ఉంచే పని ఎక్కువగా దవడ కింది గ్రంథులది. నమలడం మొదలుపెట్టగానే చెవి ముందరి గ్రంథులు ఎక్కువ నీరు వదులుతాయి. నిద్రలో అన్నీ దాదాపుగా ఆగిపోతాయి. ఈ మాట గుర్తు పెట్టుకోండి, రాత్రి సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ అవసరం వస్తుంది.

లాలాజలంలో నూటికి 99 వంతులు నీరే. అలాంటప్పుడు నీళ్ళు తాగితే సరిపోదా? సరిపోదు. మిగిలిన ఆ ఒక్క వంతులోనే అసలు సంగతంతా ఉన్నది. దానిలో జిగట పదార్థాలు ఉన్నాయి, అవి బుగ్గల మీద, నాలుక మీద పలుచని పొరలా అంటుకొని రాపిడి తగలకుండా కాపాడతాయి. నీళ్ళకు ఆ జిగట లేదు, తాగిన రెండు నిమిషాలకు నోరు మళ్ళీ మొదటికి వస్తుంది. దానిలో క్రిములను అదుపులో ఉంచే పదార్థాలు ఉన్నాయి. పిండిపదార్థాన్ని అరిగించడం మొదలుపెట్టే ఎంజైము ఉన్నది, అన్నం ముద్దను ఎక్కువసేపు నమిలితే తియ్యబడడం మీరు గమనించే ఉంటారు. పులుపును విరిచే బైకార్బొనేటు ఉన్నది, పంటికి మరమ్మతు చేసే కాల్షియం, ఫాస్ఫేటు ఉన్నాయి.

ఈ మరమ్మతు మాటను కొంచెం వివరించాలి. మనం తీపి కానీ పిండి కానీ తిన్న ప్రతిసారీ నోట్లోని క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. పంటిమీద ఆమ్లత్వపు కొలత, అంటే పిహెచ్, సుమారు 5.5 కంటే కిందికి దిగినప్పుడు పంటి పై పెంకు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఉన్న నోట్లో అది అరగంటా గంటలో మళ్ళీ పైకి వస్తుంది, కరిగిన కాల్షియం కొంత తిరిగి చేరుతుంది. లాలాజలం లేని నోట్లో అలా తిరిగి లేవడానికి చాలా సమయం పడుతుంది. అంతలో మీరు ఇంకొక బిస్కెట్టు తింటారు. పళ్ళ వేళ్ళ సంగతి ఇంకా అన్యాయం. చిగుళ్ళు కిందికి దిగిన పెద్దవారికి వేళ్ళు బయటపడి ఉంటాయి, వాటికి గట్టి పెంకు ఉండదు, కనుక 5.5 దాకా కూడా అవసరం లేదు, అంతకంటే పైనే కరగడం మొదలవుతుంది. అందుకే నోరు ఎండినవారి పళ్ళు నమిలే చోట కాకుండా చిగురు దగ్గర, పంటి మెడ చుట్టూ, గొడ్డలితో నరికిన చెట్టులాగా పుచ్చుతాయి. ఒకనాడు అన్నం తింటూ ఉండగా పన్ను నొప్పి లేకుండానే విరిగి చేతిలోకి వస్తుంది.

ఇక్కడ ఒక మాస్టారి సంగతి చెప్పాలి. చంద్రగిరి వైపు నుంచి వచ్చేవారు. ఊరు పేరు చెప్పాను కానీ మనిషిని గుర్తుపట్టే వివరాలు చెప్పను, ఆయన ఒప్పుకున్న మేరకే చెబుతున్నాను. పదవీ విరమణ నాటికి ముప్పైకి ముప్పై పళ్ళూ గట్టిగా ఉన్న మనిషి. తరువాత ఏడాదిన్నరకు నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది పళ్ళు చిగురు దగ్గర పుచ్చిపోయి ఉన్నాయి. ‘నేను మిఠాయి ముట్టను’ అన్నారు. ‘రోజుకు రెండుసార్లు పళ్ళు తోముతాను’ అన్నారు. నిజమే. నోట్లో అద్దం పెట్టి బుగ్గ పక్కకు తీయబోతే అద్దం బుగ్గకు అంటుకుపోయింది. తడి ఉన్న నోట్లో అద్దం జారుతుంది, అంటుకోదు. ‘నోరు ఎండుతుందా మాస్టారూ?’ అని అడిగాను. ‘ఎండుతుంది, దానికి మందు కనిపెట్టుకున్నాను’ అని జేబులోంచి చిన్న డబ్బా తీశారు. దానిలో కలకండ పలుకులు ఉన్నాయి. ఉదయం నుంచి రాత్రి పడుకునేదాకా, గంటకొక పలుకు బుగ్గన పెట్టుకోవడం ఆయనకు అలవాటు. అది ఆయన దృష్టిలో తీపి కాదు, మందు. నోటికి ఉపశమనమూ కలిగింది, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆయన పళ్ళు రోజుకు పదిహేను గంటలు చక్కెర పాకంలో నానుతూ ఉన్నాయి, దాన్ని కడగవలసిన లాలాజలం లేదు.

నోరెండడం ఎప్పటి నుంచి అని అడిగితే, నరాల నొప్పికని రాత్రిపూట ఒక మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి అని తేలింది. ఆ మాత్ర అమిట్రిప్టిలిన్. అది మంచి మందే, ఆయనకు నొప్పి కూడా తగ్గింది. రాసిన వైద్యుడిని నేను తప్పుపట్టను. కానీ నోరెండితే ఆయనకు చెప్పమని మాస్టారికి ఎవరూ చెప్పలేదు, మాస్టారు ఎవరినీ అడగలేదు. ఆ వైద్యుడితో మాట్లాడి మందు మార్పించాము. పళ్ళలో ఐదు నిలిచాయి, మూడు తీసివేయవలసి వచ్చింది.

కనుక మాత్రల దగ్గరికి వద్దాము. గ్రంథికి నీరు వదలమని నరం చెప్పే కబురు ఒక రసాయనం ద్వారా వెళుతుంది, దాన్ని ఎసిటైల్ కోలిన్ అంటారు. చాలా మందులు వాటి అసలు పని చేస్తూనే ఈ కబురును కూడా దారిలో అడ్డగిస్తాయి. జలుబుకూ దురదకూ వాడే క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత మందులు, నేనిప్పుడే చెప్పిన అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, వణుకుడుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, ఉబ్బసానికి పీల్చుకునే మందులలో టయోట్రోపియమ్ వంటివి ఈ కోవకు చెందుతాయి. దారి వేరైనా రక్తపోటుకు వాడే క్లోనిడిన్, ఒంటినీరు తీసే మాత్రలు కూడా నోటిని ఎండబెడతాయి. ఒక్కొక్కటి విడిగా కొంచెమే ఎండబెట్టవచ్చు. మూడు నాలుగు కలిస్తే? మనలో ఎంతమందికి మూడు నాలుగు మాత్రలతో సరిపోతున్నది? గుండె డాక్టరు రాసినవి కొన్ని, ఎముకల డాక్టరు రాసినవి కొన్ని, పక్కింటాయన చెప్పగా మందుల షాపులో కొన్నవి కొన్ని. వీటన్నిటినీ ఒకేచోట పెట్టి చూసే మనిషి చాలా ఇళ్ళలో లేడు.

ఒక హెచ్చరిక. ఇది విని ఇంటికి వెళ్ళి ఏ మాత్రా ఆపవద్దు. క్లోనిడిన్‌ను ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఎగదన్నుతుంది. ఆపడం, తగ్గించడం, వేళ మార్చడం, వేరే మందు ఇవ్వడం రాసిన వైద్యుడి పని. మీ పని ఆయనకు చెప్పడం. ‘నోరు ఎండుతున్నది, ఇది మీరిచ్చిన మందు వలనేనా, దీనికి బదులు ఇంకొకటి ఉన్నదా?’ అని అడగడానికి మొహమాటం ఎందుకు?

మాత్రలు కాకపోతే తరువాత చూడవలసినది చక్కెర వ్యాధి. రక్తంలో చక్కెర పెరిగితే అది మూత్రంలోకి దిగుతూ తనతోపాటు నీటిని లాక్కుపోతుంది. అతిదాహం, అతిమూత్రం, నోరెండడం కలిసి వస్తే రక్తపరీక్ష చేయించుకోవడానికి రేపటిదాకా ఆగనవసరం లేదు. పరగడుపున 126, మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి 6.5, ఈ అంకెలను చేరినా దాటినా చక్కెర వ్యాధిగా అనుమానించి నిర్ధారించుకోవాలి. నా దగ్గరికి నోటి మంటతో వచ్చి, తమకు చక్కెర ఉన్నదని మొదటిసారి తెలుసుకొని వెళ్ళినవారు తక్కువ మందేమీ కాదు.

ముక్కు దిబ్బడ వేసి నోటితో గాలి పీల్చేవారికి, గురక పెట్టేవారికి తెల్లవారేసరికి నోరు అట్టలా ఉంటుంది. పగలు బాగుండి రాత్రే ఎండితే ముక్కును ఒకసారి చూపించుకోండి. బీడీ, సిగరెట్టు, మద్యం సంగతి వేరే చెప్పను, మీకే తెలుసు. భయం కూడా నోటిని ఎండబెడుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ళపర్వతం దగ్గర నాలుక తడారిపోవడానికి నోటితో రొప్పడం, చెమట, రెండూ కారణాలే. అది కూర్చుంటే తగ్గేది, జబ్బు కాదు. నేను మాట్లాడుతున్నది కూర్చున్నా తగ్గని ఎండుడు గురించి.

ఇప్పుడు ఆడవారు కొంచెం శ్రద్ధగా వినాలి. నోరు ఎండుతుంది, దానితోపాటు కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర, ఏడ్చినా కన్నీరు సరిగా రాదు, కీళ్ళ నొప్పులు, ఊరికే అలసట. ఇవన్నీ చెబితే ఇంట్లోవారు ‘నీకు రోజుకొక రోగం’ అంటారు. ఈ లక్షణాలన్నీ కలిసిన జబ్బు ఒకటి ఉన్నది. స్వీడన్ దేశపు కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీనిని వివరంగా రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒంటికి కాపలా కాయవలసిన రక్షణ వ్యవస్థ దారి తప్పి, నీరు ఊరే గ్రంథుల మీదికే వెళుతుంది. ఈ జబ్బు వచ్చేవారిలో పదిమందికి తొమ్మిది మంది ఆడవారే. రక్తపరీక్షతో, కంటిలో చిన్న కాగితపు పట్టీ పెట్టి కన్నీటి తడిని కొలవడంతో, అవసరమైతే కింది పెదవి లోపలి నుంచి గోధుమ గింజంత ముక్క తీసి పరీక్షించడంతో తేల్చుకుంటారు. కీళ్ళవాత నిపుణులు దీన్ని చూస్తారు. ఈ జబ్బు ఉన్నవారికి చెవి ముందరి గ్రంథి వాచి, ఆ వాపు తగ్గకుండా నిలిచిపోతే వెంటనే చూపించుకోవాలి. ఒక రకం క్యాన్సర్ వచ్చే అవకాశం వీరిలో మామూలు కంటే ఎక్కువ గనుక ఆ వాపును తేలికగా తీసుకోకూడదు.

నోటికి, గొంతుకు క్యాన్సర్ వచ్చి రేడియేషన్ తీసుకున్నవారిది ఇంకొక కథ. ఆ కిరణాలు గడ్డ మీద పడినట్టే పక్కనున్న గ్రంథుల మీద కూడా పడతాయి. ఇదివరకు మన జిల్లావాళ్ళు ఈ వైద్యానికి వేలూరుకో చెన్నైకో పరుగెత్తేవారు, ఇప్పుడు మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనే రేడియేషన్ విభాగం ఉన్నది. గ్రంథిని వీలైనంత తప్పించి కిరణాలను మలిచే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. ‘గ్రంథులను తప్పించడానికి వీలున్నదా?’ అని మొదలుపెట్టకముందే అడగండి. ఇంకా ముఖ్యమైనది, రేడియేషన్ మొదలుపెట్టకముందే పళ్ళ డాక్టరుకు చూపించి, తీయవలసిన పళ్ళు తీయించి, పుండు మానడానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి. తరువాత తీయిస్తే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉన్నది, అది ఏళ్ళు గడిచినా పోదు.

సరే, కారణం వెతుకుతున్నాము, ఈలోపల ఏమి చేయాలి? మీరు ఇప్పటికే చేస్తున్నవాటిలో ఏవి మానాలో ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడే నష్టం ఎక్కువ జరుగుతున్నది.

కలకండ సంగతి చెప్పాను. తియ్యటి దగ్గు బిళ్ళలు, చాక్లెట్లు, గంటగంటకూ చక్కెర వేసిన కాఫీ, టీ గుటకలు, ఇవన్నీ దాని తోబుట్టువులే. తీపి ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి ముఖ్యం. స్వామివారి లడ్డును ఎవరు వద్దంటారు? నేనూ తింటాను. చక్కెర లేనివారు భోజనంతోపాటు ఒకేసారి తిని, నోరు పుక్కిలించండి. డబ్బాలో పెట్టుకొని అటు పోతూ ఒక ముక్క, ఇటు వస్తూ ఒక ముక్క గిల్లుకోవడమే వద్దంటున్నాను.

రెండవది నిమ్మకాయ. నిమ్మబద్ద చప్పరిస్తే నోరూరుతుంది, అందుకని చాలామంది దాన్ని ఇష్టపడతారు. కానీ ఆ పులుపును విరిచేంత లాలాజలం మీ దగ్గర లేదు. పళ్ళు ఉన్నవారు రోజంతా దాన్ని చప్పరించవద్దు. చింతపండుకూ ఇదే మాట. పళ్ళు అసలే లేనివారు, నోట్లో పుండ్లు లేకపోతే, అప్పుడప్పుడూ చప్పరించవచ్చు, వారికి కరగడానికి ఏమీ లేదు కదా.

మూడవది చెప్పడానికి కొంచెం జంకుతున్నాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది అవ్వల సంచుల్లో అది ఇప్పుడు కూడా ఉంటుంది. ఆకూవక్క. నమిలితే నోరు నిండా ఊరుతుంది, నిజమే. కానీ వక్కే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చి చెప్పింది. పొగాకు కలపకపోయినా సరే. బుగ్గలు గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోయే జబ్బు కూడా వక్క వలననే వస్తుంది. పొగాకు కాడ వేసుకోవడం లేదు కదా అని ధైర్యపడవద్దమ్మా. తాంబూలం పెళ్ళిలో పుచ్చుకోండి, నోటికి మందుగా వాడవద్దు.

నాలుగవది, ఘాటుగా మండే మౌత్‌వాష్‌లు. వాటిలో ఆల్కహాలు ఉంటే నోటిని ఇంకా ఎండబెడతాయి. సీసా మీద ఆల్కహాలు లేదని రాసినదే కొనండి. అంతకంటే చవకైనది ఇంట్లోనే ఉన్నది. ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంటసోడా, దానిలో సగం ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మేయండి. పులుపు విరుగుతుంది, జిగురు వదులుతుంది. మింగవద్దు, రక్తపోటు ఉన్నవారు మరీ ముఖ్యంగా.

ఇక చేయవలసినవి. నీటి సీసా దగ్గర పెట్టుకొని గడగడా తాగడం కాకుండా చిన్న గుక్క తీసుకొని, నోరంతా తిప్పి, నిదానంగా మింగండి. గుండె జబ్బుకో, మూత్రపిండాల జబ్బుకో రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని కొలత పెట్టినవారు చిన్న మంచుముక్క చప్పరించవచ్చు. ఒక గుక్క నీళ్ళ కంటే ఎక్కువసేపు నోటిని తడిగా ఉంచుతుంది, అయితే అది కూడా ఆ కొలతలోకే వస్తుందని మరచిపోకండి.

గ్రంథి పూర్తిగా చచ్చిపోకపోతే దానికి పని చెప్పండి. నమలడమే దానికి పని. చక్కెర లేని చూయింగ్‌గమ్, ముఖ్యంగా జైలిటాల్ అనే తీపి వేసినది, భోజనం తరువాత పది నిమిషాలు నమిలితే మంచిది. మనవడు చూసి నవ్వితే నవ్వనివ్వండి. అతిగా నమిలితే విరేచనాలవుతాయి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా పెట్టండి, జైలిటాల్ కుక్కలకు విషం. చూయింగ్‌గమ్ వద్దనేవారు కీరదోస ముక్కలు, క్యారెట్టు నమలండి.

భోజనం విషయంలో మన సీమ వంట కొంత అనుకూలమే, కొంత ప్రతికూలమే. సంగటి ముద్దను పులుసులో ముంచి మింగే అలవాటు ఎండిన నోటికి సుఖం. మురుకులు, అటుకులు, చెనిక్కాయలు మాత్రం గొంతులో అడ్డం పడతాయి, మజ్జిగతోనో చారుతోనో తినండి. కారం తగ్గించమని చెబితే చిత్తూరువారు వింటారా? వినకపోయినా చెబుతాను. జిగట పొర లేని నాలుకకు ఆ కారం పుండు మీద పడ్డట్టే ఉంటుంది.

పళ్ళు తోముకోవడానికి ఫ్లోరైడు ఉన్న పేస్టు, మెత్తని బ్రష్షు వాడండి. ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు వేసి రుద్దితే బయటపడిన వేళ్ళు అరిగిపోతాయి. మామూలు పేస్టులో ఫ్లోరైడు పదిలక్షల వంతులలో 1,000 నుంచి 1,450 వంతులు ఉంటుంది. నోరు బాగా ఎండినవారికి 5,000 వంతులు ఉన్న పేస్టును వైద్యులు రాసిస్తారు. అది చిన్నపిల్లలకు అందకూడదు. తోమిన తరువాత నురుగు ఉమ్మేయండి, చెంబుడు నీళ్ళు పోసి పుక్కిలించవద్దు, ఆ మందును పంటి మీద ఉండనివ్వండి.

రాత్రి సంగతి చెబుతానన్నాను. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కనుక, పడుకునే ముందు చక్కెర వేసిన పాలు తాగి అలాగే ఒరిగితే, తెల్లవార్లూ పళ్ళు వాటి కర్మకు అవి ఉంటాయి. పాలు ముందు, బ్రష్షు తరువాత, ఆ తరువాత మంచినీళ్ళు తప్ప మరేమీ వద్దు. పెదవులకు, నాలుకకు కొంచెం నెయ్యి కానీ నూనె కానీ వేలితో రాసుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. రాసుకోవడం వేరు, నూనె పుక్కిట పట్టి పడుకోవడం వేరు. అది నిద్రలో ఊపిరితిత్తులలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో పెట్టాలి. తీయకపోతే వాటి కింద బూజు జాతి క్రిమి పెరిగి అంగిలి ఎర్రబడుతుంది, నోటి మూలలు చిట్లుతాయి. మూలలు చిట్లితే విటమిను మాత్రలు మింగుతూ కూర్చోకుండా ఒకసారి చూపించండి, బూజు అయితే దానికి మందు వేరు.

వీటన్నిటితోనూ తగ్గకపోతే మందుల షాపులో కృత్రిమ లాలాజలం దొరుకుతుంది. గంటో రెండు గంటలో పనిచేస్తుంది, భోజనానికి ముందు, నిద్రకు ముందు వాడుకుంటే మంచిది. గ్రంథిని తట్టి లేపే మాత్ర కూడా ఉన్నది, పైలోకార్పిన్. బ్రెజిల్‌లోని జబొరాండి అనే మొక్క ఆకులు నమిలితే నోరు కారిపోతుందని అక్కడివారికి ముందే తెలుసు. 1875లో ఆ ఆకుల నుంచి ఈ మందును వేరుచేశారు. గ్రంథిలో కొంతైనా ప్రాణం మిగిలి ఉంటేనే పనిచేస్తుంది. ఒళ్ళంతా చెమట పడుతుంది, మే నెలలో తిరుపతిలో ఆ కష్టం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అదుపులో లేని ఉబ్బసం, కొన్ని రకాల కంటి జబ్బులు ఉన్నవారికి పనికిరాదు. అందుకని దీన్ని వైద్యుడు రాస్తేనే వాడాలి.

మా నోరు నిజంగా ఎండిందా, మాకే అలా అనిపిస్తున్నదా, ఎలా తెలుస్తుంది అని ఒక అమ్మగారు చీటీ పంపారు. చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ రెండూ వేరువేరు. కొందరికి లాలాజలం సరిపడా ఉన్నా ఎండినట్టే ఉంటుంది, కొందరికి సగానికి తగ్గినా తెలియదు. కొలిచే పద్ధతి చాలా సులభం. తలవంచి కదలకుండా కూర్చొని, పావుగంట సేపు నోట్లో ఊరినదంతా ఒక కొలగ్లాసులోకి జారవిడవడమే. 15 నిమిషాలకు 1.5 మిల్లీలీటర్లకు మించకపోతే, అంటే మందు పోసే చెంచాలో మూడవ వంతు కూడా లేకపోతే, నిజంగానే తగ్గినట్టు. పరీక్షకు ముందు గంటన్నర ఏమీ తినకూడదు. అనిపించడమే ఉండి కొలత బాగుంటే అది మీ ఊహ అని నేను అనను, దానికి వేరే వైద్యం ఉన్నది.

ఇంకొక చీటీలో, భోజనం ముందర పెట్టుకోగానే దవడ కింద వాచి, గంటకు తగ్గుతోంది, ఇది కూడా నోరెండడమేనా అని రాశారు. కాదండీ. అది గ్రంథి గొట్టంలో రాయి అడ్డుపడిన లక్షణం, ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

పోయిన నెల కార్యదర్శిగారు, అందరూ వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకొని రమ్మని నా మాటగా చెప్పారట. ఐదారుగురి చేతుల్లో సంచులు కనిపిస్తున్నాయి. వాయువు మాత్రలు, ఆయుర్వేదం పొడులు, కళ్ళలో వేసుకునే చుక్కలు కూడా తెచ్చినవారు మంచి పని చేశారు. కిటికీ పక్కనున్న ఆ బల్ల దగ్గర కూర్చుంటాను, ఒక్కొక్కరుగా రండి. ఏది నోటిని ఎండబెడుతున్నదో ఒక కాగితం మీద రాసిస్తాను, దాన్ని మీ వైద్యుడికి చూపించండి.